దౌహృదిని

గర్భిణీస్త్రీకి మన ప్రాచీనవైద్యులు ‘దౌహృదిని’ యని యొక పేరు పెట్టిరి. నాలుగవ మాసమున గర్భస్థశిశువు హృదయము వ్యక్తమగుననియు, అది మొదలు తల్లి రెండు హృదయములు గల స్త్రీ యగుననియు, శిశువు కోరికయే ఆమె కోరికగా పైకి వచ్చుననియు సుశ్రుతసంహితలో నున్నది. కనుక ఆమె కోరినది ఇచ్చి తీరవలెననిరి; ఇయ్యకున్న బిడ్డకు అంగవైకల్యము కలుగునని భయపెట్టిరి. ఈనాటి శాస్త్రము ఆ భయమును ఒప్పుకొనదు. శిశువు గుండె నాలుగవ మాసమువరకు వేచియుండదనియు, ఆరవ వారమునాటికే కొట్టుకొనుచుండుననియు అది చెప్పుచున్నది. అయినను ఆ పేరులో నొక మర్యాద గలదు. కడుపుతో నున్న స్త్రీని అడిగి తెలిసికొనవలెనను మర్యాద అది.

ఆ మర్యాద మన యిండ్లలో నేటికిని ఒక విధముగా నిలిచియున్నది. కోడలు నీళ్ళాడవలసిన దినము దాటినదని తెలిసినది మొదలు, పుల్లమామిడికాయ కావలెనా, చింతకాయ తొక్కు కావలెనా, పుట్టింటి సర్వపిండి తినబుద్ధియగుచున్నదా యని ఇరుగుపొరుగువారు సైతము అడుగుదురు. ఇన్ని అడిగెడి మనము ఒక్కటి మాత్రము అడుగము. గుండెజబ్బు గల ఆడుబిడ్డను, ‘అమ్మా, కనుటవలన నీ ప్రాణమున కెంత యపాయమో నీకు తెలియునా? తెలిసియు కనవలెనని నీకున్నదా?’ అని ఎవరడిగిరి? తల్లి అడుగదు, అత్త అడుగదు, భర్త అడుగడు. సంస్కారము నేర్చితిమని చెప్పుకొను మనమును అడుగము. నేను అడుగలేదు గనుకనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మాది పాత వరంగల్లు జిల్లా. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన దానిని విభజించినపుడు ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి యను మూడింటను మా బంధువర్గము చెల్లాచెదరుగా నున్నది. జనగామ మెట్టనేల. మహబూబాబాదు, అనగా మా నోట మానుకోట, లంబాడీ తండాల సీమ. భూపాలపల్లిలో ఒకవంక సింగరేణి బొగ్గుగనులు, ఒకవంక గోదావరి యొడ్డున అడవి. మూడుచోట్ల బ్రతుకు మూడు తీరులు. కాని పిల్లకు గొంతు నొచ్చినదన్న మూడుచోట్లను ఒక్కటే వైద్యము: ఉప్పునీళ్ళు పుక్కిలింపించి, మెడకు పసుపు పట్టించి, ‘రేపటికి తగ్గును లే’ యనుట.

రేపటికి తగ్గును. అక్కడనే మోసము గలదు. ఆ గొంతునొప్పి స్ట్రెప్టోకోకస్ అను సూక్ష్మజీవివలన వచ్చినదైనచో, కొందరు పిల్లలలో రెండు మూడు వారములకు జ్వరము తిరుగబెట్టి కీళ్ళు వాచును. దీనిని కీళ్ళవాతపు జ్వరమందురు. ఐదేండ్లు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లలకు, ముఖ్యముగా ఇరుకిండ్లలో పదిమంది కలిసి పండుకొను పేదల పిల్లలకు ఇది వచ్చుట యెక్కువ. కీళ్ళను తాకి ఈ జ్వరము విడిచిపెట్టును. గుండెను తాకినచో విడువదు. గుండెలోని కవాటములపై మచ్చ మిగులును, ఆ మచ్చ యేండ్లతరబడి గట్టిపడుచు వచ్చును. పిల్ల ఆడును, పాడును, బడికి పోవును, పత్తి యేరును. పెండ్లియీడు వచ్చును. మన దేశమున గర్భిణులలో కానవచ్చు గుండెజబ్బులలో చిరకాలముగా ప్రధానమైనది ఇదియే. పుట్టుకతోనే గుండెలో రంధ్రములుండుట, కాన్పు దగ్గరపడినపుడో, కాన్పైన కొలది మాసములలోనో గుండెకండరము నీరసించుట మొదలగునవి తరువాతివి.

గర్భమునకును ఈ మచ్చకును ఏమి సంబంధమని అడుగుదురేమో. మా ప్రాంతమువారికి చెరువు పోలికతో చెప్పిన సులభముగా తెలియును. భూపాలపల్లి జిల్లా గణపురమున కాకతీయుల నాటి గణపసముద్రము గలదు. అట్టి చెరువు తూము సగము పూడినను వేసవిలో ఎవ్వరును గుర్తింపరు. పొలమునకు కావలసిన నీరు పారుచునే యుండును. శ్రావణభాద్రపదములలో వరద వచ్చినపుడు పోవలసిన నీరు పోలేక వెనుకకు ఎగదన్నును. చెరువునకు అలుగున్నది గనుక కట్ట నిలుచును. గుండెకు అలుగు లేదు.

గుండె యెడమభాగమున పైగదికిని క్రిందిగదికిని నడుమ మైట్రల్ కవాటమని యొకటి గలదు. ఆరోగ్యవంతులలో అది 4 మొదలు 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరచుకొనును. జ్వరపు మచ్చవలన అంచులు అతుకుకొని అది 1.5 చదరపు సెంటీమీటర్లకో, అంతకును తక్కువకో కుంచించుకొనినచో వ్యాధి తీవ్రమైనదని వైద్యులు లెక్కింతురు. గర్భము ధరించిన స్త్రీ శరీరములో రక్తము నూటికి 40 మొదలు 50 పాళ్ళు పెరుగును. నాడి వేగము హెచ్చును. నాడి వేగము హెచ్చినకొలది కవాటము తెరచియుండు కాలము తగ్గును. ఇరుకుద్వారము, పెరిగిన ప్రవాహము, చాలని కాలము, ఈ మూడును కూడినప్పుడు వెనుకకు తన్నిన రక్తము ఊపిరితిత్తులలో నిలిచిపోవును. అంతట ఆయాసము, పండుకొనిన ఊపిరాడక లేచి కూర్చుండుట, రాత్రివేళ దగ్గు, ఒక్కొక్కప్పుడు నెత్తురుతో కూడిన కఫము. ఏడు ఎనిమిది మాసములకు ఈ భారము పరాకాష్ఠ నందును. పురిటినొప్పులలో మరల పెరుగును. బిడ్డ బయటపడిన వెంటనే గండము గడచినదని ఇంటివారందరు బిడ్డ చుట్టు మూగుదురు. గర్భాశయము ముడుచుకొని అందలి రక్తము ఒక్కుమ్మడి గుండెకు మరలుట సరిగా అప్పుడే. తల్లి ప్రక్క కన్ను మూయక కూర్చుండవలసిన కాలము కాన్పైన తొలి రెండు దినములు.

గర్భిణికి ఆయాసము సహజమని పెద్దలందురు. కొంతవరకు నిజము. ఆ కొంత నిజమే ఎన్నియో ప్రాణములమీదికి తెచ్చుచున్నది.

ఇక నా యింటి మాట చెప్పవలెను. నా చెల్లెలి కూతురొకతెకు పండ్రెండవ యేట ఈ జ్వరము వచ్చినది. గుండెలో మచ్చ యేర్పడినదనియు, జ్వరము మరల రాకుండ ఇరువదియొక్క దినముల కొకసారి పెన్సిలిన్ సూది తప్పక వేయించవలెననియు వైద్యులు చెప్పి చీటి యిచ్చిరి. ఎనిమిదేండ్లు వేయించిరి. పెండ్లిమాటలు వచ్చినపుడు నా చెల్లెలు ఆ చీటిని పెట్టె యడుగున చీరల క్రింద దాచినది. అది దాచుట నేను చూచితిని. పెండ్లిచూపుల నాడు నేను ఆ చాపమీదనే కూర్చుండి యుంటిని. గోత్రమడిగిరి, నక్షత్రమడిగిరి, ఎన్నెకరములని యడిగిరి, చదువు డిగ్రీవరకేనా యని యడిగిరి. ఒంటిలో నలత యేమైన నున్నదా యని వారడుగలేదు, మేము చెప్పలేదు. అడుగని దానిని చెప్పకుండుట అబద్ధము కాదని ఆ నాడు నాకు నేను సమాధానము చెప్పుకొంటిని. ముప్పదియేండ్లు పిల్లలకు సత్యహరిశ్చంద్రుని కథ చెప్పిన పంతులమ్మను నేను!

ఈ దాపరికమువలన మోసపోయినవారెవరు? పెండ్లికొడుకువారని లోకము చెప్పును. నేను నమ్మను. మొదట మోసపోయినది ఆ పిల్ల. ‘నీకంతా నయమైనది, సూది యింక అక్కరలేదు’ అని ఆమెకు తల్లి చెప్పినది. ఏలయన అత్తవారింట మూడు వారముల కొకసారి ఆసుపత్రికి పోవుటకు ఏమి కారణము చెప్పును? అబద్ధమును కాపాడుటకై మందు మాన్పించిరి. తన గుండె తన కెట్లున్నదో తెలియని స్థితిలో ఆమె గర్భవతి యైనది.

అట్లని నా చెల్లెలిని కఠినముగా నిందింప నాకు నోరు రాదు. నిజము చెప్పిన కన్యకు ఈ సమాజము ఏమి బహుమానమిచ్చునో ఆమె యెరుగును. పెండ్లికొడుకునకు మధుమేహమున్నను, చుట్ట, సారాయి, అప్పు అన్నియు నున్నను ‘పెండ్లైన సర్దుకొనును’ అందురు. ఆడుపిల్ల గుండెలో మచ్చ యున్నదన్న మాట ఒక ఊరు దాటకమునుపే నాలుగు ఊళ్ళు చేరును; ఆమె చెల్లెండ్రకును సంబంధములు రావు. నిజమునకు ఇంత వెల కట్టినవారు, అబద్ధమును కొనినవారు, ఇద్దరును ఒక్కరే. ఇంతమాత్రము చెప్పి నా చెల్లెలిని విడిచిపెట్టుచున్నాను. నన్ను నేను విడిచిపెట్టుకొనుట లేదు. చెప్పగల వయస్సును, చదువును నాకుండెను.

ఏడవ మాసమున ఆ పిల్ల రాత్రులు గోడకు చేరగిలబడి కూర్చుండి తెల్లవార్చుచుండినదట. అందరును సహజమేననిరి. పెదవులు నీలివర్ణమైన నాడు వరంగల్లునకును, అక్కడనుండి హైదరాబాదునకును కొనిపోయిరి. ఎకో పరీక్ష చేసిన వైద్యుడు, ‘ఇది ఇంతకు మునుపు తెలియదా?’ అని యడిగెను. నా చెల్లెలు నేల చూచినది. అత్తగారు అందరి ముఖములు చూచినది. ఆ పిల్ల అదృష్టము బాగుండెను. తొడవద్ద రక్తనాళముగుండ సన్నని గొట్టమును గుండెకు పంపి, దాని కొనయందలి బుడగను ఉబ్బించి, ఇరుకైన కవాటమును విడదీయు పద్ధతి యొకటి గలదు. జపాను దేశీయుడగు కాంజీ ఇనోవే యను శస్త్రవైద్యుడు దీనిని 1984లో ప్రకటించెను. గర్భములో నుండగనే ఆమెకు దీనిని చేసిరి. నెలలు నిండి ఆడుపిల్ల పుట్టినది. తల్లియు బ్రదికినది.

అత్తగారు మమ్ములను తిట్టునని ఎదురుచూచితిమి. ఆమె చదువుకొన్నది కాదు. అన్నమాట ఇది: “ముందుగాల చెప్తే పిల్లను చేసుకుందుమో లేదో నాకు ఎరుక లేదు. గని సూది మాత్రం బందు పెట్టకపోదుము.” ఇంతటి నిజాయితీ గల వాక్యమును నేను పుస్తకములలో చదివి యెరుగను.

మూడేండ్లు గడచినవి. రెండవ కాన్పు మాట పైకి వచ్చినది. ఆడుపిల్ల తరువాత ఎవరును ఆగరు గదా! ఈ సారి నేను ఊరకుండదలచుకొనలేదు. వారింటికి పోయి, అందరి యెదుట, ‘ఇక కానుపు అన్న మాట ఎత్తరాదు, ఎత్తినచో మీరు హంతకులు’ అని ఒక యుపన్యాసమిచ్చితిని. స్త్రీ బిడ్డలను కను యంత్రము కాదంటిని. చాల బాగుగా మాటలాడితినని ఆ క్షణమున అనుకొంటిని. పిల్ల నన్ను వాకిటివరకు సాగనంప వచ్చి, మెల్లగా అన్నది: “పెద్దమ్మా, పెండ్లికి ముందు అమ్మ నన్ను అడగలే. కాన్పులప్పుడు ఎవ్వరు అడగలే. ఇప్పుడు నువ్వు గూడ అడగకుండనే వద్దంటున్నవు.”

ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయినది. బస్సులో కూర్చున్న తరువాత గాని నేను చేసినదేమో నాకు పూర్తిగా తెలియలేదు. నాకు మైట్రల్ కవాటమన్న నేమో తెలియును. బుడగచికిత్స యైన తరువాత ఆమె కవాటము ఎంత తెరచుకొనుచున్నదో నేను అడిగితినా? లేదు. తెలియక ‘కను’మనువారికి ఎదురుగా తెలియక ‘కనకు’మనుదానిని నేనైతిని.

నాకు ముందును ఇట్టివారున్నారు. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు మిషెల్ పీటర్ ఈ విషయమై యొక శాసనము చేసెను: హృద్రోగము గల కన్య పెండ్లాడరాదు, పెండ్లాడినచో గర్భము ధరింపరాదు, తల్లియైనచో పాలియ్యరాదు. ఎంత సులభమైన వైద్యము! రోగిని పరీక్షింప నక్కరలేదు. ఇందుకు భిన్నమైన మార్గమును పట్టినవాడు స్కాట్లండు దేశీయుడగు జేమ్సు మెకంజీ. ఇంగ్లండులోని బర్న్‌లీ యను మిల్లుల పట్టణమున సాధారణవైద్యుడుగా నుండిన దినములలో, గుండెజబ్బు గల యొక గర్భిణి ప్రసవవేళ మరణించుట చూచి అతడు కలతచెందెను. ఏ గుండె ఈ భారమును మోయును, ఏది మోయజాలదు అని ముందుగా చెప్పుట యెట్లని ఏండ్లతరబడి వెదకెను. 1921లో ఈ విషయముమీదనే ఒక గ్రంథమును ప్రకటించెను. పీటరు ఆజ్ఞాపించినచోట మెకంజీ ప్రశ్న వేసికొనెను.

ఆ ప్రశ్నకు నేడు చాలవరకు సమాధానము గలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పేర వైద్యులు వాడు పట్టికలో ఈ స్త్రీలను అపాయమునుబట్టి నాలుగు తరగతులుగా విభజింతురు. మొదటి తరగతివారికి గుండె సంబంధమైన ఉపద్రవము కలుగుట నూటికి ఐదింటికి మించదు. నాలుగవ తరగతిలో అది నూటికి 40కి తక్కువ కాదు. తీవ్రముగా ఇరుకైన మైట్రల్ కవాటము, ఊపిరితిత్తుల రక్తనాళములలో అధికపీడనము, బాగుగా నీరసించిన గుండె ఈ తరగతిలోనివి. వీరికి గర్భమే తగదని వైద్యులు స్పష్టముగా చెప్పుదురు. మధ్య నున్నవారే పెక్కుమంది. 2007 మొదలు 2018 వరకు 53 దేశములలో గుండెజబ్బు గల స్త్రీల 5,739 గర్భములను ఐరోపా వైద్యసంఘమువారు నమోదు చేసి చూడగా, వేయింటికి ఆరుగురు తల్లులు మరణించిరి. నూటికి పదునొకండుగురికి గుండె నీరసించినది. ఆరోగ్యవంతులతో పోల్చిన ఆ ఆరు చాల యెక్కువ. పీటరు శాసనముతో పోల్చిన ఎంతయో తక్కువ. ఈ రెండు మాటలును ఒక్క శ్వాసలో చెప్పినప్పుడే అది ఆమెకు నిజము చెప్పుట యగును.

ఆమెతో మాటలాడవలసిన సమయము గర్భము నిలిచిన తరువాత కాదు, ఎంతయో ముందు. ఒక ఉదాహరణ చెప్పెదను. పదునెనిమిదేండ్ల పిల్లకు కవాటము మార్చవలసివచ్చినదనుకొనుడు. లోహపు కవాటము చిరకాలము మన్నును. కాని అందు రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము వార్ఫరిన్ వంటి మందు తినవలెను. ఆ మందు మావిని దాటి శిశువును చేరి, తొలిమాసములలో అవయవములకు హాని చేయగలదు. శిశువుకొరకు మాని హెపారిన్ సూదులకు మారినచో కవాటమున గడ్డ యేర్పడు భయము తల్లికి పెరుగును. జంతుకణజాలముతో చేసిన కవాటమునకు ఆ మందు చిరకాలము అక్కరలేదు; కాని అది పిన్నవయస్కులలో త్వరగా అరిగి, మరల శస్త్రచికిత్స కోరును. ఇందేది మేలు? జవాబు శస్త్రవైద్యునియొద్ద సగమే యున్నది. తక్కిన సగము, ఆమె యెట్టి బ్రతుకు కోరుచున్నదో, ఆమెయొద్ద నున్నది. సాధారణముగా సంతకము తండ్రి చేయును.

చట్టము ఈ విషయమున మనకన్న నాలుగడుగులు ముందున్నది. 1971నాటి గర్భవిచ్ఛేదన చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి గర్భము తీయవలెనన్న ఆమె సమ్మతి చాలును, ఆమె సమ్మతి లేనిదే తీయరాదు. భర్త సంతకమును ఆ చట్టము కోరలేదు. 2021 సవరణ తరువాత ఇరువది వారములవరకు ఒక వైద్యుని యభిప్రాయమును, చట్టము పేర్కొన్న కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువదినాలుగు వారములవరకు ఇద్దరి యభిప్రాయమును కావలెను; ప్రాణము నిలుపుటకు తక్షణావసరమైనచో ఆ గడువు అడ్డు రాదు. ఇది తెలిసిన ఇండ్లు ఎన్ని? భర్త సంతకము లేనిదే గోరైనను తీయరని నమ్మువారే మా బంధువులలో ఎక్కువ.

ఇచ్చట నొక గట్టి ఆక్షేపణ వచ్చును, నాకును వచ్చినది. ‘అడిగితిమి, ఆమె కావలెననినది. ఆ మాట ఆమెదా? మగబిడ్డ కావలెనని చెవిలో ఇల్లు కట్టుకొని పోరు అత్తమామలదా? గొడ్రాలన్న మాటకు, ఆడుపిల్లల తల్లియన్న మాటకు జంకి ఆమె ప్రాణమొడ్డినచో, దానిని ఆమె స్వేచ్ఛయని పూజింతమా?’ ఈ ఆక్షేపణకు పూర్తి జవాబు నాయొద్ద లేదు. ఏ కోరికయు ఒంటరిగా పుట్టదు; నేను ఉపాధ్యాయిని కావలెనని కోరుకొన్నదియు మా నాయన కోరుటవలననే. కాని కోరిక కల్తీయైనదన్న నెపమున అడుగుటయే మానివేసినచో, ఆమె నోటికి మూత బిగించుటలో అత్తగారికిని నాకును భేదమేమి? చేయవలసినది ఆ కల్తీని తగ్గించుట. అపాయమెంతో అంకెలతో సహా ఆమెకును, భర్తకును, అత్తమామలకును ఒక్క గదిలో ఒక్కసారి వైద్యులచేత చెప్పించవలెను. కానుపు వద్దనుకొన్నచో మార్గములేవో అప్పుడే చెప్పవలెను. ఇందు మగవారికొక మాట. పురుషునకు చేయు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స కొలది నిమిషముల పని. కడుపు కోయ నక్కరలేదు, మత్తు ఇచ్చి పండుకొనబెట్ట నక్కరలేదు. అయినను దిట్టమైన గుండె గల భర్త బయట బల్లమీద కూర్చుండగా, మచ్చ గల గుండెతో భార్యనే లోపలికి పంపుదురు. దీనికి శాస్త్రకారణమేదియు లేదు.

నాలుగవ తరగతి అపాయము గల స్త్రీ అన్నియు విని, ‘అయినను కందును’ అనినచో? భయంకరమైన మాట. అయినను ఆమెను మూర్ఖురాలని విడిచిపెట్టరాదు. తక్కినవారికన్న పదిరెట్లు కనిపెట్టి యుండవలెను. వద్దన్న మాట వినలేదు గనుక నీ కర్మమని చేతులు దులుపుకొనుట వైద్యమును కాదు, సంస్కారమును కాదు.

2018–20 గణనలో తెలంగాణమున లక్ష సజీవజననములకు 43 మంది తల్లులు మరణించిరి; దేశమంతటికి ఆ లెక్క 97. మహబూబాబాదున 2022లో, జనగామలోను భూపాలపల్లిలోను 2023లో ప్రభుత్వవైద్యకళాశాలలు వెలసినవి. ఇవి సంతోషింపదగినవే. కాని పెట్టె యడుగున చీరల క్రింద దాచిన చీటిని ఏ కళాశాలవారు వచ్చి తీయుదురు?

మా పిల్ల ఇంకను ఏమియు నిశ్చయించుకొనలేదు. గత మాసము ఎకో పరీక్షకు పోయినపుడు తానే వైద్యురాలిని అడిగినది: కవాటమిప్పుడు ఎంత యున్నది, నూటికి ఎందరికి ఏమగును, ఆగినచో ఎంతకాలము ఆగవచ్చును అని. భర్త ప్రక్కన కూర్చుండి వినుచుండెను. నన్నును రమ్మని పిలిచినది గనుక నేనును ఉంటిని. ఒక్క మాటయు మాటలాడలేదు. అది నాకు సులభముగా లేకుండెను. సూదిచీటి ఇప్పుడు వారింట పంచాంగపు కాలెండరు ప్రక్కన మేకునకు వ్రేలాడుచున్నది. ఇరువదియొక్క దినముల కొకసారి అత్తగారు ఆమెను వెంటబెట్టుకొని పోవును. ఆ పూట మనుమరాలికి అన్నము తినిపించుట మామగారి వంతు.